భద్రయ్య నడిచిన పన్నెండు పేజీలు

"అమ్మాయ్, కిరీటం కాస్త వదులు చెయ్యి. నలభై ఏళ్ళు అట్టకిరీటాలు మోసిన తలకాయ ఇది. రబ్బరు పట్టీకి లొంగదు," అన్నాడు భద్రయ్య.

హైమ నవ్వాపుకుంటూ మేనమామ నుదుటి మీది పట్టీని ఒక మెట్టు వదులు చేసింది. గుంటూరులో ఆమె పాఠాలు చెప్పే కాలేజీ మేడ మీద, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసిన గదే ఇప్పుడామె ప్రయోగశాల. కిటికీ అవతల వరండాలో తిరపతమ్మత్త స్టీలు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, మొగుడికి కరెంటు పెడతారేమోనన్న అనుమానంతో లోపలికి తొంగి చూస్తోంది. పక్కనే కొడుకు వీరనారాయణ. ఊళ్ళో లైన్‌మన్ ఉద్యోగం అతనిది. "అది బ్యాటరీతో నడిచేదమ్మా. చీమక్కూడా ఏం కాదు," అని తల్లికి ధైర్యం చెబుతున్నాడు.

పట్టీ లోపల గోరంత సెన్సర్లు ఎనిమిది. ఎదురుగా తెర మీద విజ్ఞాన సర్వస్వం. అందులో నీలం రంగు మాటలన్నీ తలుపులే. వేలితో నొక్కితే మామూలుగా ఇంకో పేజీ తెరుచుకుంటుంది. హైమ యంత్రానికి వేలితో పని లేదు. చూపు ఏ మాట మీద ఆగుతుందో, ఆగినప్పుడు మనసు లోపల ఎక్కడ 'ఊఁ' అంటుందో పట్టీ పసిగడుతుంది. పేజీ దానంతట అదే తెరుచుకుంటుంది. ఎక్కడ బయల్దేరినా సరే, పన్నెండు పేజీలు నడిచేలోపు మనిషి తన లోపల దాచుకున్న చోటికి చేరతాడన్నది మూడేళ్ళ కష్టంతో ఆమె తేల్చుకున్న సంగతి. యంత్రానికి 'జాడ' అని పేరు పెట్టుకుంది.

మొదట కాలేజీ అటెండరు కోటేశ్వరరావు మీద పరీక్షించింది. అతను 'ఉప్పు' అనే పేజీ దగ్గర బయల్దేరి, సముద్రం మీదుగా, చేపల మీదుగా, తొమ్మిదో పేజీకల్లా బాపట్ల చేరి అక్కడే నిలబడిపోయాడు. అలిగి పుట్టింటికి వెళ్ళిన అతని భార్యది బాపట్ల. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాడు. రెండో రోజు భార్యాభర్తలిద్దరూ వచ్చి హైమకి పూతరేకుల పెట్టె ఇచ్చి వెళ్ళారు. అప్పటి నుంచి తన యంత్రం మీద హైమకి మహా గురి.

ఇక భద్రయ్య ఇక్కడికి ఎందుకు వచ్చినట్టు? గువ్వలపాడు నాటక సమాజం వారి 'కనకసేన విజయం' అంటే చుట్టుపక్కల నలభై ఊళ్ళకి తెలుసు. నూరేళ్ళ నాటి పద్యనాటకం. పసితనంలో అడవి పాలైన కొడుకు రత్నకేతుడు బోయల గూడెంలో పెరిగి, ఎవరో తెలియక తండ్రి మీదికే యుద్ధానికి వస్తాడు. కనకసేన మహారాజు వాణ్ణి కత్తితో పడగొట్టి, తీరా మెడలోని తాయెత్తు చూసి గుర్తుపట్టి, మోకాళ్ళ మీద కూలబడి, తల ఒళ్ళోకి తీసుకుని 'లెమ్ము కుమారా' అనే సీసపద్యం పాడతాడు. పాడుతూ కొడుకుని గుండెకి ఎత్తుకుని లేస్తాడు. ఆ లేవడంతో వాడికి ప్రాణం వస్తుంది. కనకసేనుడు భద్రయ్య. రత్నకేతుడు సొంత కొడుకు వీరనారాయణే.

అంతటి భద్రయ్య పోయిన రెండు ఆటల్లోనూ సరిగ్గా ఆ పద్యం ముందు ఆగిపోయాడు. కత్తి పట్టుకుని గుడ్లప్పగించి నిలబడితే, హార్మోనియం మస్తాన్ మేష్టారు గబగబా తెర దింపించాడు. "గొంతు పూడుకుపోతోంది మేష్టారూ, ఏందో దుఃఖం," అని చెప్పాడు భద్రయ్య. మస్తాన్ మేష్టారు మంచివాడే కానీ సమాజం పెద్ద. "ఉగాది వెళ్ళిన పన్నెండో నాడు మనూరి తిరునాళ్ళ. అప్పటికీ పద్యం రాకపోతే సగం నుంచి రేపల్లె ఆయన్ని పిలిపిస్తా. మనసులో పెట్టుకోమాక భద్రన్నా," అన్నాడు.

పద్యనాటకంలో ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మామూలే. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రాల్లో వేసుకుంటారు. కానీ కనకసేనుణ్ణి ప్రార్థన నుంచి మంగళం దాకా ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఒక్క భుజం మీద మోశాడు భద్రయ్య. 'రెండో కనకసేనుడు' అన్న మాట విన్న రోజు ఆయన అన్నం ముట్టలేదు. అది చూడలేక తిరపతమ్మత్త ఆయన్ని గుంటూరు తీసుకొచ్చింది.

"ఇప్పుడు ఏం చెయ్యాల?" అన్నాడు భద్రయ్య తెర వంక చూస్తూ.

"ఏమీ చెయ్యొద్దు మావయ్యా. ఎటు చూడాలనిపిస్తే అటు చూడు."

మొదటి పేజీ 'కనకసేన విజయం'. తన నాటకానికి అంత పెద్ద వ్యాసం ఉందని తెలియక భద్రయ్య మీసం దువ్వాడు. అక్కణ్ణుంచి పద్యనాటకం. దాన్నుంచి సింహాసనం. ఎడారి రాజ్యాలు. తర్వాత ఎవరూ అనుకోని విధంగా ఒంటె. ఒంటె దగ్గర మూడు నిమిషాలు! వర్తక మార్గాలు పట్టుకుని గ్రీసు దేశం పోయాడు. అక్కడి రంగస్థలం, అక్కడి విషాద నాటకం, తండ్రీకొడుకుల వైరం, కలలు... పన్నెండో పేజీ తెరుచుకునేసరికి హైమ కుర్చీ ముందుకి జరుపుకుంది. మనోవిశ్లేషణ తొలిరోజులు. నూరేళ్ళకి పైబడిన కాలం కిందట వియన్నాలో డాక్టర్లు రోగుల్ని సోఫా మీద పడుకోబెట్టి, నోటికొచ్చింది చెప్పమని, చెప్పినదాంట్లోంచి గుట్టు లాగిన కథ. భద్రయ్య ఆ పేజీ మీద ఏడు నిమిషాలు రెప్ప వెయ్యలేదు.

పక్కన యంత్రం రెండో భాగం కరకరమని కాగితం వదిలింది. నడిచిన దారి చూసి లోపలి గుట్టు చెప్పే భాగం అది. హైమకి ఒళ్ళు తెలియలేదు. అత్తనీ బావనీ లోపలికి పిలిచింది. పిలిచి, క్లాసులో చదివినట్టు గట్టిగా చదివేసింది.

"ఈ వ్యక్తి తండ్రి స్థానమున ఉండి కుమారుని ఎదుగుదలను సహింపలేకున్నాడు. కుమారుని పడగొట్టు ఘట్టమున ఉత్సాహము, బ్రతికించు ఘట్టమున మౌనము. ఒంటె అనగా మోయరాని భారము. ఆ భారము కుమారుడే."

చదివాక గాని ఏం చదివిందో ఆమె చెవికి ఎక్కలేదు.

"ఒంటేందే?" అంది తిరపతమ్మత్త.

వీరనారాయణ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తండ్రి వంక చూశాడు. భద్రయ్య పట్టీ తీసి బల్ల మీద పెట్టి, "పోదాం పదండి. బస్సు టైమవుతోంది," అన్నాడు. వాళ్ళు వచ్చింది వీరనారాయణ మోటారు బండి మీదా, వాడి స్నేహితుడి ఆటోలోనూ. బస్సు సంగతే లేదు.

*

నాలుగో రోజు పొద్దున్నే ఫోను.

"నీ పెట్టె మా కొంపలో ఏం పెట్టిందో వచ్చి చూసుకోవే!" తిరపతమ్మత్త గొంతు. "ఇద్దరికీ మాటల్లేవు. 'మీ ఆయన్ని కూర వేసుకోమను' అని వాడు, 'నీ కొడుకుని ఫ్యాను కట్టెయ్యమను' అని ఈయన. అటు చెప్పి ఇటు చెప్పి నేను రేడియో స్టేషన్ అయిపోయా."

ఆదివారం హైమ గువ్వలపాడులో దిగింది. వీరనారాయణ మిరప కళ్ళం దగ్గర స్తంభం కింద కూర్చుని ఉన్నాడు. ఎడమ కనుబొమ మీది పాత మచ్చ చూపించాడు.

"పంతొమ్మిదో ఏట కత్తి తగిలింది హైమా. నాలుగు కుట్లు. 'డాలు పైకెత్తాలిరా' అని నవ్వాడు నాన్న. ఇన్నేళ్ళూ నేనూ ఆ సంగతి అందరికీ నవ్వుకుంటూనే చెప్పా. నీ కాగితం విన్నాక ఆ నవ్వు వేరేగా వినపడుతోంది."

"బావా, అది యంత్రం..."

"యంత్రం అబద్ధం చెప్పదని నువ్వే అన్నావుగా. కోటేశ్వరరావు కథ నాకు రెండుసార్లు చెప్పావు." ప్లయరు జేబులో పెట్టుకుని లేచాడు. "రిహార్సలుకి నేను రానని మేష్టారుకి చెప్పా. నేను పైకొస్తే ఆయనకి కష్టమైతే, ఆయన పక్కన నేనెందుకు?"

హైమ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తిరునాళ్ళకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఇప్పుడు కనకసేనుడూ లేడు, రత్నకేతుడూ లేడు.

ఇంట్లో భద్రయ్య మంచం మీద కూర్చుని గోడకేసి తిరిగి అన్నం తింటున్నాడు. "నాకే జబ్బూ లేదమ్మాయ్. జబ్బు నీ పెట్టెకి," అన్నాడంతే.

వంటింట్లో తిరపతమ్మత్త గోంగూర ఒలుస్తూ నిలదీసింది. "ఎవరే ఆ డాక్టర్లు? వాళ్ళకి అమ్మానాన్నలు లేరా?"

"ఉన్నారత్తా. ఉన్నారు కాబట్టే, రోగి ఏ కల చెప్పినా తిప్పి తిప్పి అమ్మానాన్నల దగ్గరికే తెచ్చేవాళ్ళు. గుర్రం అంటే నాన్న, ఇల్లంటే అమ్మ. కొన్నిట్లో నిజం లేకపోలేదు. కొన్నిటికి ఆ రోజుల్లోనే సాటి డాక్టర్లు కొట్లాడుకున్నారు. శిష్యులు గురువుల్ని వదిలేసి పోయారు."

"అట్టాంటోళ్ళ చదువు నీ పెట్టెకి ఎందుకు చెప్పించావు?"

హైమ తల దించుకుంది. "ఇప్పటి రోగుల కాగితాలు ఎవరూ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. నూరేళ్ళ నాటివైతే ఊరికే దొరికాయి. బస్తాలకి బస్తాలు. అవే పోశాను."

"మీ మావయ్య కూడా ఒక ఏడు ఊరికే ఇచ్చారని ఎవరి దగ్గరో మినుములు తెచ్చి చల్లాడు. చేను నిండా ఉలవ మొలిచింది. ఆ ఏడంతా మా ఇంట్లో ఉలవచారే." ఆకులు చాటలో వేసి హైమ గడ్డం పట్టుకుంది. "ఏడవమాక. నువ్వు చెడ్డదానివి కాదు, తొందరగలదానివి. పో, పోయి ఏం జరిగిందో మళ్ళీ చూడు. ఆ మనిషికి కొడుకంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. వాడి పెళ్ళిలో నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే."

*

సోమవారం హైమ పాఠాలు మరొకరికి అప్పజెప్పి ప్రయోగశాల తలుపు వేసుకుంది. మేనమామ నడిచిన దారిని మొదటి నుంచి తీసింది.

అప్పుడు కనపడింది తన తప్పు. రెండో భాగానికి ఆమె ఇచ్చింది పన్నెండు పేజీల పేర్లూ, మేనమామ ఏ ఘట్టంలో ఆగిపోయాడన్న సంగతీ మాత్రమే. ఆ పాత డాక్టర్ల కాగితాల్లో ఉన్నవి ఉత్త మాటలు కాబట్టి, దానికి మాటలే తెలుసు. కానీ పట్టీ ఇంకొకటి కూడా రాసి పెట్టింది. పేజీలో చూపు ఏ మూల ఎంతసేపు నిలిచిందో చుక్కలుగా దాచింది. ఆ చుక్కల్ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పన్నెండో పేజీ తెరిచి చుక్కలు వేసింది. ఏడు నిమిషాలు! మేనమామ ఒక్క అక్షరం చదవలేదు. డాక్టర్ల సిద్ధాంతాల మీద చుక్క లేదు, వాళ్ళ కొట్లాటల మీద చుక్క లేదు. అన్నీ ఒకే బొమ్మ మీద కుప్పగా పడ్డాయి. తివాచీ కప్పిన ఆ రోగుల సోఫా. అందులోనూ దాని పొట్టి కాళ్ళ మీద.

హైమ వెనక్కి వచ్చింది. తండ్రీకొడుకుల వైరం పేజీలో ఏదో పాత తైలచిత్రం. పడిపోయిన కొడుకు మీదికి వంగిన తండ్రి. చుక్కలు ముఖాల మీద లేవు, ఆ తండ్రి నేలకి ఆనించిన మోకాలి మీద ఉన్నాయి. గ్రీకు రంగస్థలంలో రాతి మెట్లు. ఆనుకోవడానికి వెనక ఏమీ లేని మెట్లు. ఇక ఒంటె. మూడు నిమిషాల ఒంటె! మూడో బొమ్మలో ఒంటె ముందరి కాళ్ళు మడిచి కూలబడి ఉంది. పక్కన రాసి ఉంది, ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు నిలబెట్టి, ఆ ఊపుతో ముందరి కాళ్ళు లేపుతుందని. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం భద్రయ్య నాలుగుసార్లు చదివాడు.

హైమ కుర్చీలోంచి దిగి గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు ఆనించకుండా లేవబోయింది. ముప్పై నాలుగేళ్ళ ఆమెకే ఎముక చిటుక్కుమంది. ఆమెకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకుండానే కళ్ళు నిండాయి.

మంచం మీద కూర్చుని అన్నం! నేల మీద పీట వేసుకుని తప్ప భోంచేయని మనిషి!

*

సమాజం వాళ్ళ రిహార్సళ్ళు ఊరి చివర పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో. పొగాకు మానేశాక ఖాళీగా పడి ఉన్న ఆ ఎత్తుగోడల గదిలో పద్యం పాడితే గొంతు రెట్టింపవుతుందని మస్తాన్ మేష్టారు కనిపెట్టాడు. మంగళవారం మధ్యాహ్నం హైమ వెళ్ళేసరికి భద్రయ్య ఒక్కడే ఎత్తు స్టూలు మీద కూర్చుని సన్నగా రాగం తీస్తున్నాడు. గొంతులో ఏ దుఃఖమూ అడ్డు లేదు. కంచులా మోగుతోంది.

హైమ కింద గోనె పరిచి కూర్చుంది. "మావయ్యా, ఇలా వచ్చి నా పక్కన కూర్చో."

రాగం ఆగింది. ఆయన గోనె వంక చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. "పెట్టె చెప్పిందా?"

"ఒంటె చెప్పింది."

భద్రయ్య పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వి, పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. గుండ్రాయిలా వాచి ఉంది. "పోయిన కార్తీకంలో పక్కూళ్ళో ఆటమ్మాయ్. కూలబడి పద్యం పాడా. బ్రహ్మాండంగా వచ్చింది. లేద్దామంటే కాలు లేదు! ఉంది గానీ నాది కాదు. నొప్పికి కళ్ళలో నీళ్ళు కారిపోతుంటే జనం 'ఆహా ఏం నటన' అని చప్పట్లు. తెర దించారు గాబట్టి సరిపోయింది. లేపింది మన తబలా వాడు. వాడి చేత ఒట్టేయించుకున్నా. ఆ తర్వాతి రెండు ఆటల్లోనూ కూలబడే చోటికొచ్చేసరికి భయం పట్టుకుంది. అంతే, నిలబడిపోయా."

"మరి దుఃఖం, గొంతు అని ఎందుకు చెప్పావు?"

"గొంతు పూడిందంటే గొప్పే. మోకాలు పట్టేసిందంటే..." ఆయన చెయ్యి ఊపాడు. "రాజుకి మోకాళ్ళేంది అమ్మాయ్? ఇక వీరాకి తెలిస్తే అయిపోయె. నిచ్చెన ఎక్కేవాడు గదా, జాగ్రత్తంటే వాడికి పిచ్చి. డాక్టరు, ఎక్సరే, విశ్రాంతి. మళ్ళా స్టేజి ఎక్కనిస్తాడా? వాడు నన్ను పగవాణ్ణనుకున్నా ఓర్చుకుంటా గానీ, ముసలోణ్ణనుకుంటే..."

హైమ చేతిలో ఆ చుక్కల కాగితం ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన అరచేతిలో ఉంచింది.

"ఈసారి నేను చదవను మావయ్యా. నీది నువ్వే చెప్పాలి. చెప్పకపోతే నేను అటూ చెప్పను, ఇటూ చెప్పను. కానీ బావ ఆ కనుబొమ మచ్చని రోజూ అద్దంలో చూసుకుంటున్నాడు."

బయట బండి ఆగింది. బ్యారన్‌లో వైరు మండుతోందని అబద్ధం చెప్పి కొడుకుని పంపించింది తిరపతమ్మత్తే. వీరనారాయణ టెస్టరు పట్టుకుని లోపలికొచ్చి, తండ్రిని చూసి, "వైరెక్కడ?" అన్నాడు హైమతో.

హైమ లేచి వెళ్ళబోతే భద్రయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కొడుకు వంక చూశాడు. కనకసేనుడి గొంతు కాదు, మామూలు గొంతు.

"ఒరే వీరా. నిన్ను ఓడించాలని గాదురా. నిన్ను ఎత్తలేకపోతున్నా. పదహారేళ్ళప్పుడు నలభై అయిదు కేజీలుండేవాడివి, పువ్వులాగా ఎత్తా. ఇప్పుడు ఎంత?"

వీరనారాయణ తన ఒంటి వంక చూసుకున్నాడు. "ఎనభై ఆరు."

"ఎనభై ఆరు! ఈ మోకాలు పెట్టుకుని ఎనభై ఆరు కేజీల రత్నకేతుణ్ణి గుండెకెత్తుకుని లేవాల. అదిరా నా లోపలి గుట్టు. మోయరాని భారం అంది గదా ఆ పెట్టె? అదొక్కటీ నిజమే చెప్పింది."

మొదట నవ్వింది వీరనారాయణే. టెస్టరు కింద పడేసి, గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఎత్తుగోడల మధ్య నవ్వు రెట్టింపయింది. నవ్వుతూనే వచ్చి తండ్రి మోకాలి ముందు కూర్చుని, వాపు మీద చెయ్యి వేశాడు.

"నొప్పా?"

"నొక్కితే నొప్పే గదరా, తీయ్ చెయ్యి!"

"నాన్నా, ఆ కుట్లప్పుడు ఎందుకు నవ్వావు?"

"నువ్వు ఏడవకుండా ఉంటావని. ఇంటికొచ్చాక మీ అమ్మ ముందు నేను ఏడ్చా. అడుగు."

*

మిగిలిన ఆరు రోజులూ గువ్వలపాడులో పండగే. దాచిన మోకాలు ఊరందరిదీ అయింది. ఆవనూనె తెచ్చినవాళ్ళు కొందరు, వావిలాకు తెచ్చినవాళ్ళు కొందరు. తిరపతమ్మత్త కొడుకు కంచంలో అన్నం సగం తగ్గించి, "రెండు కేజీలన్నా దిగు, మీ నాన్న ఎత్తాల," అని పెరుగు కూడా కట్ చేసింది. గుంటూరు ఎముకల డాక్టరు ఎక్సరే చూసి, తిరునాళ్ళ అవగానే వచ్చి ఆసుపత్రిలో పడుకోవాలనీ, ఈలోపు మోకాళ్ళ మీద కూర్చోవద్దనీ చెప్పాడు. మొదటి మాటకి భద్రయ్య తలూపాడు. రెండో మాట ఆయనకి వినపడలేదు.

మస్తాన్ మేష్టారు ఒక దారి చెప్పాడు. "కూలబడి పద్యం పాడు. సీసం చివర ఎత్తుగీతిలో ఆఖరి మాట అందుకోగానే నేను సైగ చేస్తా, తెర పడుతుంది. లేవక్కర్లా. ఎవరడుగుతారు?"

"మా గురువు అడుగుతాడు," అన్నాడు భద్రయ్య. "పోయి పాతికేళ్ళయింది గానీ, అడుగుతాడు." అయినా ఒప్పుకున్నాడు. రేపల్లె ఆయనకి రావద్దని కబురు వెళ్ళింది.

హైమ తన గదిలో యంత్రం రెండో భాగాన్ని విప్పి మూలన పెట్టింది. ఇక 'జాడ' ఎవరి గుట్టూ చెప్పదు. నడిచిన దారినీ, చూపు ఆగిన చుక్కల్నీ కాగితం మీద గీసి, ఆ మనిషి చేతికే ఇస్తుంది. అర్థం చెప్పుకోవాలనిపిస్తే వాళ్ళే చెప్పుకుంటారు. ప్రయోగాలకి అనుమతిచ్చే కాలేజీ కమిటీ ముందు సరిగ్గా అదే చెప్పింది. "మరి తీర్పు లేని యంత్రం ఎందుకమ్మా?" అని అడిగారొక పెద్దాయన. ఆయన తలకి పట్టీ కట్టి కూర్చోబెట్టింది. అరగంట తర్వాత ఆయన తన కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, మరో మాట లేకుండా ఏడాదికి అనుమతి రాసిచ్చాడు.

*

తిరునాళ్ళ నాడు సాయంత్రం ఆరింటికే గంట కొట్టారు. బెంచీలు చాలక జనం ట్రాక్టరు ట్రక్కుల మీద కూర్చున్నారు. హైమ, తిరపతమ్మత్త ముందు వరసలో. అత్త పట్టుచీర కట్టుకుని, యుద్ధానికి తనే వెళుతున్నట్టు కొంగు బిగించి కూర్చుంది.

నాలుగో అంకం. కత్తులు కలిశాయి. రత్నకేతుడు పడ్డాడు. తాయెత్తు కనపడింది. కనకసేనుడి చేతిలో కత్తి జారింది. ఇదే చోటు. భద్రయ్య నిలబడ్డాడు. ట్రక్కుల మీద గుసగుసలు కూడా ఆగిపోయాయి. హైమ అత్త చెయ్యి పట్టుకుంది.

భద్రయ్య ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడి మోకాలు వంచి, ఇల్లు కూలినట్టు కాక, కొండ దిగినట్టు దిగాడు. కొడుకు తల ఒళ్ళోకి తీసుకున్నాడు. 'లెమ్ము కుమారా' అని పద్యం ఎత్తుకున్నాడు.

ఆ పద్యం హైమ చిన్నప్పటి నుంచి వందసార్లు విని ఉంటుంది. ఇప్పుడే మొదటిసారి విన్నట్టయింది. లెమ్మని కొడుకుని బతిమాలుతున్న రాజు, తన కాళ్ళని కూడా బతిమాలుతున్నాడు. ఒక్కో పాదానికీ రాగం సాగి, తిరిగి, మస్తాన్ మేష్టారి వేళ్ళ మీద వాలింది. ఎత్తుగీతి వచ్చింది. చివరి మాట. మేష్టారు తెర వాడికి సైగ చేశాడు.

భద్రయ్య ఎడమ చెయ్యి ఎత్తి తెరని ఆపాడు.

లేవబోయాడు. ఒంటెలా వెనక నుంచి ఊపు తీసుకున్నాడు. సగం లేచి, వణికి, ఆగాడు. అప్పుడు చచ్చిపడి ఉండాల్సిన రత్నకేతుడు కన్ను తెరిచాడు. రాజు అంగవస్త్రం చాటున తండ్రి నడుము చుట్టూ చెయ్యి వేసి, మడమ నేలకి తన్నిపెట్టి నెమ్మదిగా లేచాడు. ఇద్దరూ కలిసి లేచారు. చివరి మాట ఆకాశానికి అంటింది.

ఈలలు, కేకలు, తువ్వాళ్ళు గాలిలో. వెంటనే ట్రక్కుల మీద నుంచి గర్జన. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

వన్స్ మోర్ అంటే పద్యం మళ్ళీ మొదటి నుంచి. పద్యం మొదటి నుంచి అంటే మళ్ళీ మోకాళ్ళ మీద. తిరపతమ్మత్త దిగ్గున లేచి జనం వైపు తిరిగింది.

"నోళ్ళు ముయ్యండయ్యా! ఆ మోకాళ్ళకి నూనె రాసేది నేను! మళ్ళీ అడిగారంటే నేనే ఎక్కుతా స్టేజి!"

జనం ఘొల్లుమన్నారు. స్టేజి మీద భద్రయ్య వంకరైన కిరీటం సర్దుకుని, మైకులో రాజు గొంతుతో అన్నాడు. "దేవీ, శాంతింపుము. ప్రజల కోర్కె తీర్చుట మా ధర్మము." తర్వాత కొడుకు వైపు వంగి గొంతు తగ్గించాడు. కానీ మైకు దగ్గరే ఉండటం మరిచిపోయాడు.

"ఏరా, మళ్ళా లేపగలవా?"

"నువ్వు మళ్ళా పాడగలవా?"

"ఓరి నీ..." అని నవ్వి, భద్రయ్య కొడుకు భుజం మీద చెయ్యి ఆనించి, ఊరంతా చూస్తుండగా, రెండోసారి మోకాళ్ళు వంచాడు. ఈసారి ఆ ఆసరాని అంగవస్త్రం చాటున దాచలేదు. వీరనారాయణ బుద్ధిగా వెళ్ళి తండ్రి ఒళ్ళో చచ్చిపోయాడు. మస్తాన్ మేష్టారు శ్రుతి పట్టాడు.

రెండోసారి లేచినప్పుడు ఎవరు ఎవర్ని లేపారో ముందు వరసలో ఉన్న హైమకే తెలియలేదు. ఆమె అప్పటికే బెంచీ ఎక్కేసింది. "కూర్చోవే తల్లీ, నీకు దణ్ణం పెడతా," అని అత్త చీర కుచ్చెళ్ళు పట్టుకుని కిందికి లాగుతున్నా వినకుండా, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని మూడోసారికి అరుస్తోంది.